నీటి జాడలు ఇన్ని దొరికినా ఇతర గ్రహాలపై జీవం ఉందని ఎందుకు చెప్పలేకపోతున్నారు?

ఆకాశదర్శి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అంగారకుడిపై నీటి జాడలు కనుగొన్నారన్న వార్త కొన్నేళ్లకొకసారి పత్రికల్లో కనబడుతూనే ఉంది. ఒకసారి ధ్రువం దగ్గర మంచు అంటారు, మరొకసారి కొండవాలుల మీద పారుతున్న ఉప్పునీరు అంటారు, ఇంకొకసారి మంచుపొర అడుగున సరస్సు అంటారు. ప్రతి వార్త చివరా జీవం ఉండే అవకాశం ఉందన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ తర్వాత ఆ సంగతి ఏమైందో ఎవరూ చెప్పరు. ఇవన్నీ ఒకే ఆవిష్కరణను తిప్పితిప్పి చెప్పడమా, లేక నిజంగా వేర్వేరు సంగతులా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఇంతకంటే ఎక్కువగా వేధిస్తున్న సందేహం ఇంకొకటి ఉంది. అంగారకుడి నేల మీద ఇప్పటికే ఎన్నో రోవర్లు తిరిగాయి. రాళ్లను తొలిచే పరికరాలు, పొడిచేసి వేడిచేసే పరికరాలు, వాయువులను కొలిచే పరికరాలు వాటిలో ఉన్నాయి. అయినా "ఈ మట్టిలో సూక్ష్మజీవి ఉందా, లేదా" అన్న ప్రశ్నను నేరుగా అడిగే పరికరాన్ని పంపకుండా, నీరు, ఖనిజాలు, కర్బన అణువులు అంటూ చుట్టూ తిరగడం దేనికి? అలాగే, నూటికి పైగా కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక గ్రహం మీద జీవులు విడుదల చేసే వాయువు కనిపించిందని 2025లో చదివాను. పక్కనే ఉన్న గ్రహం సంగతే తేలనప్పుడు అంత దూరపు గ్రహం గురించి చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ పరిశోధనలను దగ్గరగా గమనిస్తున్నవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

శిలాలిపి:

ఆకాశదర్శి గారూ, ముందు మీ మొదటి సందేహం తీసుకుంటాను. ఆ వార్తలన్నీ ఒకే నీటిని గురించినవి కావు. వాటిని విడదీసి చెప్పకపోవడం వల్లనే పాఠకులకు విసుగు పుడుతోందని నా అభిప్రాయం. అంగారకుడి విషయంలో నీరు అన్నప్పుడు ఒకప్పుడు పారి ఎండిపోయిన నీరు కావచ్చు, ఇప్పుడు గడ్డకట్టి ఉన్న నీరు కావచ్చు, ఖనిజాల లోపల చిక్కుకుపోయిన నీరు కావచ్చు, లేదా నేటికీ ద్రవరూపంలో ఉందని కొందరు ప్రతిపాదిస్తున్న నీరు కావచ్చు. మొదటి మూడింటి విషయంలో ఇప్పుడు పేచీ లేదు. తగవంతా నాలుగోదాని మీదే.

ఎండిపోయిన నదీలోయలు మారినర్ 9 నౌక 1971–72లో పంపిన చిత్రాల్లోనే కనిపించాయి. అయితే పైనుంచి తీసిన చిత్రాన్ని చూసి ఊహించడం వేరు, రాతిని దగ్గరగా చూడడం వేరు. 2012లో గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటీ రోవర్ కొద్ది వారాల్లోనే నేలలోంచి పైకి లేచి విరిగి ఉన్న ఒక రాతిపలక అంచును ఫొటో తీసింది. అందులో ఇసుకతో కలిసి అతుక్కుపోయిన గులకరాళ్లు ఉన్నాయి. వాటి మూలలు అరిగి, అంచులు నున్నగా ఉన్నాయి. అంత పెద్ద గులకలను గాలి మోసుకుపోలేదు. ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ చాలా దూరం దొర్లితే తప్ప అవి అలా అరగవు. గులకల పరిమాణాన్ని బట్టి ఆ వాగు చీలమండ నుంచి నడుము దాకా లోతుతో, సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో పారి ఉంటుందని లెక్కగట్టారు. అంగారకుడి మీద నీరు పారిందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకైతే అక్కర్లేదు.

గడ్డకట్టిన నీటి సంగతి కూడా అంతే స్పష్టంగా తేలింది. మార్స్ ఒడిస్సీ నౌక 2002లో కక్ష్య నుంచి న్యూట్రాన్లను కొలిచి, ధ్రువాల వైపు నేలలో పైమీటరు లోతులోనే హైడ్రోజన్ విస్తారంగా ఉందని చూపింది. హైడ్రోజన్ అంత మోతాదులో ఉందంటే అది మంచే అయి ఉండాలి, కానీ కంటితో చూడాలి కదా. 2008 మేలో ఉత్తరధ్రువ ప్రాంతంలో దిగిన ఫీనిక్స్ ల్యాండర్ తన యంత్రహస్తంతో కొద్ది సెంటీమీటర్ల లోతు గాడి తవ్వగానే అడుగున తెల్లటి పదార్థం బయటపడింది. గాడి మూలలో పాచికలంత పరిమాణంలో కొన్ని తెల్లటి పెళ్లలు రాలిపడ్డాయి. నాలుగు రోజుల తర్వాత తీసిన ఫొటోలో ఆ పెళ్లలు లేవు. ఉప్పు అయితే అక్కడే ఉండాలి. ఘనీభవించిన కార్బన్ డయాక్సైడ్ అయితే అక్కడి ఉష్ణోగ్రతలో అన్ని రోజులు నిలవదు. కనుక అది నీటి మంచే. ఆ తర్వాత నమూనాను కొలిమిలో వేడిచేసినప్పుడు వెలువడిన ఆవిరి కూడా అదే చెప్పింది.

ఆ పెళ్లలు కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరైపోయాయన్న సంగతి మీ ప్రశ్నకు ముఖ్యం. అంగారకుడి ఉపరితలం మీద వాయుపీడనం సగటున 6 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది. భూమి మీద సముద్రమట్టంలో అది 1013 మిల్లీబార్లు. సుమారు 6.1 మిల్లీబార్ల కంటే పీడనం తగ్గితే ఏ ఉష్ణోగ్రతలోనూ స్వచ్ఛమైన నీరు ద్రవంగా నిలవదు. అంటే ఆ గ్రహం సరిగ్గా ఆ హద్దు మీద ఉంది. నీటిలో పెర్‌క్లోరేట్ వంటి లవణాలు కలిసినప్పుడు అది సున్నాకు ఎంతో దిగువన కూడా గడ్డకట్టకుండా ఉంటుంది గనుక, ఇప్పటి ద్రవనీటి గురించి వచ్చే ప్రతి ప్రతిపాదనా ఉప్పునీటి ప్రతిపాదనే అవుతుంది.

మీరు ప్రస్తావించిన కొండవాలుల కథ అలాంటిదే. వేసవిలో పొడుగై, చలికాలంలో మాయమయ్యే నల్లటి చారలను 2011లో ప్రకటించారు. 2015లో ఆ చారల దగ్గర నీటిని పట్టి ఉంచిన లవణాల జాడలు కనిపించాయన్నారు, వార్త ప్రపంచమంతా పాకింది. 2017లో వాటి ఏటవాలును జాగ్రత్తగా కొలిచినప్పుడు, ఆ చారలు దాదాపు 27 డిగ్రీల కంటే నిటారుగా ఉన్నచోటే సాగి, వాలు తగ్గగానే ఆగిపోతున్నాయని తేలింది. నీరైతే పల్లం దొరికినంత దూరం పారాలి. వాలు తగ్గగానే ఆగేది పొడి ఇసుక. దక్షిణధ్రువ మంచు అడుగున ఒకటిన్నర కిలోమీటర్ల లోతులో 20 కిలోమీటర్ల వెడల్పున సరస్సు ఉందని 2018లో మార్స్ ఎక్స్‌ప్రెస్ రాడార్ సమాచారం ఆధారంగా చెప్పారు. రాడార్ తరంగాలు అక్కడ బలంగా తిరిగి వస్తున్న మాట నిజం. కానీ గడ్డకట్టిన బంకమన్ను ఖనిజాలు కూడా అలాంటి ప్రతిధ్వనిని ఇవ్వగలవని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఆ సంగతి నేటికీ తేలలేదు.

ఆ వార్తల తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరన్న మీ ఫిర్యాదు న్యాయమైనది. 2015 నాటి వార్తకు దక్కిన చోటులో పదోవంతు కూడా 2017 నాటి సవరణకు దక్కలేదు.

తెరచాప:

నాదొక అభ్యంతరం. అసలు నీరే ఎందుకు? శనిగ్రహపు ఉపగ్రహం టైటన్ మీద వానలు, నదులు, సరస్సులు అన్నీ ఉన్నాయి. అవన్నీ ద్రవ మీథేన్, ఈథేన్. అక్కడి జీవానికి మన నీటితో పనిలేకపోవచ్చు కదా. మనకు తెలిసిన జీవాన్నే కొలబద్దగా పెట్టుకుని వెతకడం వల్ల కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేస్తున్నామేమో ఆలోచించాలి.

సూక్ష్మదర్శిని:

తెరచాప గారి అభ్యంతరాన్ని ఎవరూ తోసిపుచ్చలేదు. టైటన్ ఉపరితలం మీద 2005 జనవరి 14న హైగెన్స్ ల్యాండర్ దిగింది. 2028లో బయలుదేరవలసిన డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రం 2034లో అక్కడికి చేరాలి. అయితే అక్కడి ఉష్ణోగ్రత సున్నాకు 179 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంత చలిలో రసాయన చర్యలు విపరీతంగా మందగిస్తాయి. పైగా లవణాలు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు ద్రవ మీథేన్‌లో కరగవు. అక్కడ జీవం అసాధ్యమని నేను అనను. కానీ అక్కడ ఉన్న జీవం ఎలాంటి గుర్తు వదులుతుందో మనకు ఊహ కూడా లేదు. నీరు ఉన్నచోట అయితే ఏ గుర్తును వెతకాలో, ఏ గుర్తు మోసం చేస్తుందో కొంత తెలుసు. నీటి వెంట పడడానికి అసలు కారణం ఇదే.

ఇక ఆకాశదర్శి గారి రెండో సందేహానికి వస్తాను. సూక్ష్మజీవి ఉందా లేదా అని నేరుగా అడిగే పరికరాలను ఎప్పుడో పంపారు. 1976లో రెండు వైకింగ్ ల్యాండర్లు అంగారకుడి మీద వేర్వేరు చోట్ల దిగాయి. ఒక్కొక్కదానిలో జీవాన్ని వెతికే ప్రయోగాలు మూడేసి ఉన్నాయి. వాటిలో ఒకటి ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు సాగిన అన్వేషణ తీరును నిర్ణయించింది అదే.

గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన ఆ ప్రయోగంలో చిటికెడు మట్టిని చిన్న గదిలో మూసి, దాని మీద పోషక ద్రవాన్ని కొన్ని చుక్కలు వేశారు. ఆ పోషకాల్లోని కార్బన్ రేడియోధార్మిక కార్బన్–14. మట్టిలో సూక్ష్మజీవులు ఉంటే పోషకాలను తిని, కార్బన్–14 ఉన్న వాయువును వదలాలి. గదిలోని గణక యంత్రం దాన్ని లెక్కపెట్టాలి. ద్రవం వేయగానే వాయువు వెలువడింది, అదీ చాలా వేగంగా. అదే మట్టిని ముందుగా 160 డిగ్రీల వద్ద మూడు గంటలు కాల్చి మళ్లీ చేస్తే వాయువు రాలేదు. ప్రయోగానికి ముందు రాసుకున్న షరతుల ప్రకారం ఇది జీవం ఉన్నట్టే లెక్క.

కానీ రెండోసారి పోషకాలు వేసినప్పుడు కొత్తగా వాయువు రాలేదు. జీవులు ఉంటే మళ్లీ తినాలి, పెరగాలి, వాయువు పెరగాలి. పక్క ప్రయోగంలో మట్టికి తేమ తగలగానే చీకట్లోనే ఆక్సిజన్ వెలువడింది. కాల్చిన మట్టి కూడా వదిలింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆ మూడు ప్రయోగాలతో సంబంధం లేని వేరొక పరికరం నుంచి వచ్చింది. మట్టిని వేడిచేసి కర్బన అణువుల కోసం వెతికితే, క్లోరిన్ కలిసిన కొద్దిపాటి పదార్థాలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ కొద్దిపాటివి భూమి మీద పరికరాలను శుభ్రం చేసిన ద్రావకాల అవశేషాలని అప్పుడు అనుకున్నారు. శరీరాలే లేని చోట తిన్నది ఎవరు? అంగారకుడి మట్టిలోనే ఏదో తీవ్రమైన ఆక్సీకరణ పదార్థం ఉందని, పోషకాలను విరగ్గొట్టింది అదేనని అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. లెవిన్ మాత్రం 2021లో మరణించేదాకా తన ఫలితం జీవానిదేనని వాదిస్తూనే ఉన్నారు.

2008లో ఫీనిక్స్ ల్యాండర్ ఆ మట్టిలో పెర్‌క్లోరేట్ కనుగొన్నప్పుడు ఈ కథ మలుపు తిరిగింది. పెర్‌క్లోరేట్ ఉన్న మట్టిని వేడిచేస్తే అది కర్బన అణువులను కాల్చేసి, క్లోరిన్ కలిసిన పదార్థాలను మిగులుస్తుంది. అంటే వైకింగ్ మట్టిలో కర్బన అణువులు నిజంగా ఉండి, పరికరమే వాటిని నాశనం చేసి ఉండవచ్చు. ఆ తర్వాత క్యూరియాసిటీ ప్రాచీన బురదరాతిలో కర్బన అణువులు ఉన్నాయని రూఢి చేసింది. పది, పదకొండు, పన్నెండు కార్బన్లున్న గొలుసు అణువులు కూడా దొరికాయని 2025లో ప్రకటించారు. ఇవి జీవం వల్లనే రానక్కర్లేదు, ఉల్కల్లో కూడా కర్బన అణువులు ఉంటాయి. కానీ 1976లో మట్టిలో పెర్‌క్లోరేట్ ఉందని తెలిసి ఉంటే ఆ ప్రయోగాలను అలా రూపొందించేవారే కాదు.

చుట్టూ తిరగడం అని మీకు అనిపిస్తున్నది అందుకే వచ్చింది. ఒకచోటి మట్టి, నీరు, లవణాలు, రేడియేషన్ తమంతట తాము ఏమేం చేయగలవో తెలియకుండా జీవాన్ని గురించి ప్రశ్న వేస్తే, అవునన్న జవాబుకు గానీ కాదన్న జవాబుకు గానీ అర్థం ఉండదు.

ఆ ఓపిక ఫలించిన ఉదాహరణ ఒకటి చెప్పి ముగిస్తాను. పెర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగింది. అక్కడ ఒకప్పుడు నది వచ్చి సరస్సులో కలిసేది. దాని డెల్టా ఇప్పటికీ కనబడుతుంది. ఆ నది వచ్చిన లోయలో 2024 జూలైలో మీటరు పొడవున్న ఎర్రటి బురదరాయి ఒకటి ఎదురైంది. చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. దాని మీద మిల్లీమీటర్ల పరిమాణంలో తెల్లటి మచ్చలు, ఒక్కొక్క మచ్చ చుట్టూ నల్లటి అంచు. అంచులో వివియనైట్ అనే ఇనుప ఫాస్ఫేట్, మచ్చలో గ్రీగైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉన్నట్టు పరికరాలు సూచించాయి. అదే రాతిలో కర్బన పదార్థం కూడా ఉంది. భూమి మీద, నీటి అడుగు బురదలో కొన్ని సూక్ష్మజీవులు కర్బన పదార్థాన్ని తింటూ, మనం వాడుకునే ఆక్సిజన్‌కు బదులుగా ఇనుమును, సల్ఫేట్‌ను వాడుకుంటాయి. వాటి వల్ల సరిగ్గా ఈ ఖనిజాలే ఏర్పడతాయి. జీవం లేకుండానూ ఇవి ఏర్పడవచ్చు, కానీ అందుకు సాధారణంగా అధిక వేడి గానీ ఆమ్లత్వం గానీ కావాలి, ఈ రాయి అంత వేడెక్కినట్టు ఆనవాళ్లు లేవు. ఏడాదికి పైగా పరీక్షించి 2025 సెప్టెంబరులో ప్రచురించినప్పుడు కూడా శాస్త్రవేత్తలు "జీవపు గుర్తు కావచ్చు" అన్నంతవరకే వెళ్లారు. నన్నడిగితే వైకింగ్ తర్వాత ఇంతటి బలమైన జాడ అంగారకుడి మీద దొరకలేదు. ఆ రాతి నమూనా గొట్టంలో భద్రంగా ఉంది. దాన్ని భూమికి తెచ్చే పథకం ఖర్చు పెరిగి, ఏళ్లకు ఏళ్లు వెనక్కి జరిగి చిక్కుల్లో పడడం నాకు ఎంతో బాధ కలిగిస్తోంది.

హిమగర్భం:

పై ఇద్దరూ చెప్పిన వివరాలతో నాకు విభేదం లేదు. కానీ ఇద్దరూ అంగారకుడి దగ్గరే ఆగిపోయారు. అక్కడ వెతుకుతున్నది దాదాపు మూడున్నర వందల కోట్ల ఏళ్ల నాటి నీటిని. నేటికీ ద్రవంగా ఉన్న నీరు, అదీ తనంతట తాను బయటికి చిమ్ముతున్న నీరు, శనిగ్రహపు ఉపగ్రహం ఎన్‌సెలడస్ దగ్గర ఉంది. ముందు వెళ్లవలసింది అక్కడికే అన్నది నా వాదన.

ఎన్‌సెలడస్ వ్యాసం సుమారు 500 కిలోమీటర్లు మాత్రమే. అంత చిన్న గోళం ఎప్పుడో గడ్డకట్టి ఉండాలి. అయినా దాని దక్షిణధ్రువంలో ఉన్న నాలుగు పెద్ద పగుళ్ల నుంచి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతున్నాయని కసీని నౌక 2005లో కనుగొన్నది. శనిగ్రహం చుట్టూ తిరిగే దారిలో దాని మీద ఆకర్షణ ఎక్కువతక్కువలు కావడం వల్ల లోపలి భాగం నలిగి వేడెక్కుతుంది. ఆ వేడే మంచు కింద సముద్రాన్ని ఉంచుతోంది. నేల తవ్వనక్కర లేకుండానే కసీని ఆ ఎగజిమ్మే ధారల మధ్యగా దూసుకెళ్లింది. 2015 అక్టోబరు 28న ఉపరితలానికి 49 కిలోమీటర్ల ఎత్తు వరకు దిగింది.

అలా తెలిసినవి ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. రేణువుల్లో ఉప్పు ఉంది. కొన్ని అతి సూక్ష్మమైన సిలికా కణాలు ఉన్నాయి. అవి ఏర్పడాలంటే రాతిని తాకే నీరు దాదాపు 90 డిగ్రీల వేడి ఉండాలి. అంటే సముద్రపు అడుగున వేడినీటి ఊటలు ఉన్నాయని భావించవచ్చు. ఆవిరిలో హైడ్రోజన్ ఉందని 2017లో ప్రకటించారు. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిపి మీథేన్‌గా మార్చి బతికే సూక్ష్మజీవులు భూమి మీద ఉన్నాయి. వాటికి సూర్యకాంతి గానీ ఆక్సిజన్ గానీ అక్కర్లేదు. ఎన్‌సెలడస్‌లో ఆ రెండు వాయువులూ వాడకుండా మిగిలి ఉన్నాయి, మీథేన్ కూడా ఉంది. చివరికి 2023లో, కసీని పాత సమాచారంలోనే, ఫాస్ఫేట్లు కూడా కనిపించాయి. మన డీఎన్‌ఏకు వెన్నెముక ఫాస్ఫేట్.

అయినా ఇక్కడ జీవం ఉందని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. హైడ్రోజన్ అంత మిగిలిపోయిందంటే దాన్ని తినేవారు లేరని కూడా అర్థం చెప్పుకోవచ్చు. కసీని పరికరాలను తయారు చేసినప్పుడు ఈ ధారల సంగతే తెలియదు గనుక, పెద్ద పెద్ద కర్బన అణువులను పూర్తిగా గుర్తించగల శక్తి వాటికి లేదు. 2017 సెప్టెంబరు 15న కసీనిని శనిగ్రహ వాతావరణంలో కాల్చేశారు. ఇంధనం అయిపోయాక అది అదుపు తప్పి ఎన్‌సెలడస్‌ను గానీ టైటన్‌ను గానీ ఢీకొంటే, భూమి సూక్ష్మజీవులు అక్కడికి చేరతాయన్న భయమే అందుకు కారణం.

వర్ణరేఖ:

ఆకాశదర్శి గారి చివరి సందేహానికి ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు. మీరు చదివింది కే2–18బి గురించి. సింహరాశి దిశలో, దాదాపు 124 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక ఎర్రటి మరుగుజ్జు నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం అది. ద్రవ్యరాశిలో భూమికి ఎనిమిది రెట్లకు పైగా, వ్యాసంలో రెండున్నర రెట్లు. దాన్ని ఎవరూ నేరుగా చూడలేదు. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు, నక్షత్రపు వెలుగులో ఒక పిసరంత గ్రహపు వాతావరణం అంచును చీల్చుకుని మన వైపు వస్తుంది. ఏ వాయువు ఉంటే ఆ వాయువుకు తగిన రంగుల్లో వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల నుంచే వాయువుల పేర్లు చెప్పాలి.

ఇందులో ఎంత జాగ్రత్త కావాలో ఈ గ్రహం కథే చెబుతుంది. 2019లో హబుల్ టెలిస్కోప్ సమాచారం చూసి ఇక్కడ నీటి ఆవిరి ఉందని ప్రకటించారు, అదొక పెద్ద వార్త అయింది. హబుల్ చూడగలిగిన ఆ కొద్ది రంగుల్లో నీటి ఆవిరి వేసే నీడ, మీథేన్ వేసే నీడ ఇంచుమించు ఒకే చోట పడతాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇంకా విస్తృతమైన పరిధిలో చూసినప్పుడు మీథేన్, కార్బన్ డయాక్సైడ్ స్పష్టంగా కనిపించాయి. నీటి ఆవిరి మాత్రం కనబడలేదు.

డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు ఉండవచ్చని అప్పుడే కొంత సూచన వచ్చింది. భూమి మీద అది ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మ వృక్షప్లవకాల నుంచి వస్తుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో వేరొక పరికరంతో చూసి, ఆ వాయువో లేక దానికి దగ్గరి చుట్టమైన మరొక వాయువో ఉన్నట్టు మూడు సిగ్మాల స్థాయిలో ప్రకటించింది. అంటే అది కేవలం యాదృచ్ఛికం అయ్యే అవకాశం వెయ్యికి మూడు పాళ్లు. వినడానికి ఇది చాలా గట్టిగా ఉంటుంది. కానీ ఆ లెక్క, వాడిన వాతావరణ నమూనా సరైనదే అనుకుని వేసినది. అదే సమాచారాన్ని ఇతర బృందాలు వేరే నమూనాలతో విశ్లేషించినప్పుడు ఆ వాయువు ఉందనడానికి తగిన బలం కనబడలేదు. పైగా 67పి అనే తోకచుక్కలో కూడా డైమిథైల్ సల్ఫైడ్ ఉందని తేలింది. అక్కడ ప్లవకాలేమీ లేవు. కనుక ఆ వాయువు నిజంగా ఉన్నా, అది జీవం వదిలినదే అనడానికి ఇంకా ఎంతో దూరం వెళ్లాలి. మధుసూదన్ బృందం కూడా తమది తుది నిర్ధారణ అని అనలేదు, మరింత పరిశీలన కావాలనే చెప్పింది. ఆ షరతు శీర్షికల్లోకి ఎక్కలేదు.

ఒక్క వాయువును కాక, కలిసి ఉండకూడని రెండు వాయువులను వెతకడం మేలని నేను నమ్ముతాను. ఆక్సిజన్, మీథేన్ ఒకదాన్నొకటి నాశనం చేసుకుంటాయి. రెండూ పుష్కలంగా కలిసి ఉన్నాయంటే ఎవరో రెండింటినీ ఎడతెగకుండా తయారు చేస్తూ ఉండాలి. 1990 డిసెంబరులో గురుగ్రహానికి వెళుతున్న గెలీలియో నౌక భూమి పక్కగా పోతూ మన గ్రహాన్నే పరగ్రహంలా పరిశీలించింది. కార్ల్ సేగన్ బృందం 1993లో ఆ ఫలితాలను ప్రచురించింది. ఆక్సిజన్, దానితో పాటు ఉండకూడనంత మీథేన్, నేల మీద ఎర్రటి వెలుగును పీల్చుకునే ఏదో పదార్థం, వీటితో పాటు సహజంగా పుట్టని రేడియో సంకేతాలు దానికి దొరికాయి. జీవం ఉందని ముందే తెలిసిన చోట కూడా ఆ పద్ధతి ఇన్ని ఆధారాలు అడిగింది. ఆక్సిజన్ ఒక్కటే దొరికితే చాలదు. నక్షత్రపు అతినీలలోహిత కాంతికి నీటి ఆవిరి విడిపోయి, తేలికైన హైడ్రోజన్ పారిపోతే, జీవం లేకుండానే ఆక్సిజన్ మిగిలిపోగలదు.

ఆకాశదర్శి:

అందరికీ ధన్యవాదాలు. వైకింగ్ ప్రయోగం సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు. ఒక చిన్న సందేహం మిగిలింది. హిమగర్భం గారు కసీనిని కాల్చేసిన కారణం చెప్పారు. అంగారకుడి మీదికి వెళ్లిన రోవర్లతో పాటు మన సూక్ష్మజీవులు వెళ్లి ఉండవా? రేపు ఆ గొట్టాలు తెరిచినప్పుడు దొరికేది మనం పంపినదే అయితే ఎలా తెలుస్తుంది?

శిలాలిపి:

వెళ్లే ఉంటాయి. పూర్తిగా శుభ్రమైన నౌకను తయారు చేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. వైకింగ్ ల్యాండర్లను మాత్రం మొత్తంగా 110 డిగ్రీలకు పైగా వేడిలో గంటల తరబడి ఉంచి పంపారు. తర్వాతి రోవర్లలో సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలు ఎక్కువ కావడంతో భాగాలను విడివిడిగా శుభ్రం చేసి, మిగిలిన సూక్ష్మజీవుల సంఖ్య నిర్ణీత పరిమితి దాటకుండా చూస్తున్నారు. ఇతర గ్రహాలను హానికరంగా కలుషితం చేయకూడదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలోనే ఉంది. దీనివల్ల ఒక విచిత్రమైన ఇబ్బంది వచ్చింది: ద్రవనీరు ఉండవచ్చన్న అనుమానం ఉన్న చోట్లకు, అంటే మనకు అన్నిటికంటే ఆసక్తి ఉన్న చోట్లకు, మామూలు రోవరును నడపడానికి నియమాలు ఒప్పుకోవు. ఆ నల్లటి చారల దగ్గరికి ఎవరూ వెళ్లి చూడకపోవడానికి నిటారు వాలుతో పాటు ఇదీ ఒక కారణం.

మీ రెండో సందేహానికి పెర్సెవరెన్స్‌లోనే ఏర్పాటు ఉంది. అందులో ఉన్న 43 గొట్టాల్లో ఐదింటిని అంగారకుడి రాతి కోసం కాక సాక్ష్యం కోసం పెట్టారు. తొలిచే చోటికి వాటిని తీసుకెళ్లి, రాయిని మాత్రం నింపకుండా, మిగతా గొట్టాలు ఎదుర్కొన్న గాలి, ధూళి, యంత్రభాగాల నుంచి వచ్చే ఆవిరులు వాటికీ తగిలేలా చేసి మూసేస్తారు. నమూనా గొట్టంలో ఒక కర్బన అణువు దొరికి, అదే అణువు సాక్షి గొట్టంలోనూ ఉంటే అది మన వెంట వెళ్లినదని అనుమానించాలి. సాక్షి గొట్టంలో లేకపోతే అప్పుడు అసలు విచారణ మొదలవుతుంది.